తెల్లగోలి పొద్దుమాపు

మా సర్కారు దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చునేది నేనే. ఈ రోజు మోర్తాడ్ నుంచి ఒక అవ్వ తలకు కట్టుతో వచ్చింది. పసుపు చేనులో కళ్లు తిరిగి పడిందట. రోజుకు ఒకటే వేసుకోవాల్సిన బీపీ గోలి రెండు వేసుకుంటోంది.

"తెల్లది పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి అని నువ్వే చెప్పినవ్ గద బిడ్డా. గట్లనే ఏసుకుంటున్న," అంది.

నిజమే. చదువు రాదని రంగు చూపించి చెప్పాను. అప్పుడు తెల్లది షుగర్ గోలి. ఈ నెల కంపెనీలు మారి, బీపీది తెల్లగా వచ్చింది.

తప్పు నాదేనని ఆమెతో అనలేకపోయాను. వెనక లైను గేటు దాకా ఉంది. తర్వాతి పెద్దాయన ఏది ఎప్పుడు వేసుకోవాలని అడిగాడు.

"ఎర్రది మాపటికి బాపూ," అనేశాను.

ఇంకెలా చెప్పాలో మీకు తెలిస్తే చెప్పండి. రేపూ లైను అంతే ఉంటుంది.