దీనమ్మ వంతుకొచ్చిన బంకమట్టి

అమెరికాలోని క్యారీ ఊరికి అరగంట దూరంలో ఉన్న ఆ పొలాన్ని తెలుగు చర్చివాళ్ళు కొందరు కలిసి కొన్నారు. పొలం అందరిదీ కావడంతో కలుపు ఎవరిదీ కాకుండా పోయింది. ఏం వేయాలో కూడా ఎవరూ మాట్లాడుకోలేదు. కోతల పండుగనాడు కానుకల వేలానికి అందరూ గోంగూర కట్టలే పట్టుకొచ్చారు. పాట పాడేవాడు లేడు.

"ఇక అమ్మేద్దాం" అన్నారు కొందరు.

సంఘపెద్ద దేవకుమార్ ఇంకో దారి చెప్పాడు. "భూమి ఉమ్మడిగానే ఉంటుంది. చీట్లు వేసి ఇంటికో మడి ఇద్దాం. సాగు చేసినంతకాలం మీదే. వదిలేస్తే వెనక్కి తీసుకుంటాం."

వారమంతా మందుల కంపెనీ ల్యాబులో పనిచేసి, శనివారాలు దీనమ్మ ఆ పొలంలో ఒక మూల ఎండుటాకులు కలిపి తవ్వుతూ వచ్చింది. ఇటుకలాంటి ఎర్ర బంకమట్టి అక్కడిప్పుడు నల్లబడి, పిడికిట్లో పొడిపొడిగా రాలుతోంది. చీట్లలో అది పోవచ్చు. కానీ పొలమే అమ్మేస్తే ఏ మూలా మిగలదు.

"చీట్లే వేయండి" అంది.

ఆమె మూల ఎడిసన్ ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఎలీనాకు పడింది. దీనమ్మకు పైన్ చెట్ల పక్కన, ఎవరూ ముట్టని బంకమట్టి వచ్చింది.

"కుండలు చేసుకోవచ్చు ఆంటీ" అన్నాడు చర్చి కుర్రాడు లెవి.

"నువ్వు ముందు గోంగూర కానిదేదైనా పండించు నాయనా."

నవ్వుతూనే అంది గానీ, ఆ రోజు తన పాత మూలవైపు చూడకుండా కారెక్కింది.

మరుసటి శనివారం వచ్చేసరికి ఆమె మడి దగ్గర నల్లమట్టి నిండిన తోపుడు బండి, చెమటోడుతూ ఎలీనా.

"ఏంటమ్మా ఇది?"

"చీటీలో నాకు ప్లేస్ వచ్చింది ఆంటీ. మట్టి మీరు చేసింది కదా. సగం ఇక్కడికి షిఫ్ట్ చేస్తున్నా."

ఎలీనా పార ఎత్తేసరికి దీనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పైన పోస్తే నీళ్ళు నిలుస్తాయమ్మా. ముందు అడుగు గుల్ల చేయాలి. చూడు."

నాలుగు పళ్ళ పారమీద కాలేసి నిలబడి, పిడిని నెమ్మదిగా వెనక్కి వంచింది. బంకమట్టి పెద్ద పెళ్ళగా లేచింది. మధ్యాహ్నానికి లెవి కూడా తన వీధిలోని ఎండుటాకులన్నీ సంచుల్లో కూరి తెచ్చి పడేశాడు.

మరుసటి ఏటి కోతల పండుగకు దీనమ్మ బుట్టెడు బెండకాయలు తెచ్చింది. దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో ఎప్పుడూ సాక్ష్యం చెప్పని మనిషి లేచి నిలబడింది.

"పొలం నిలిచింది. నాకు మళ్ళీ మట్టి దొరికింది. ఇచ్చిన చేతులు ఇక్కడే ఉన్నాయి. దేవునికి స్తోత్రం."

అంతే, కూర్చుంది.

వేలంలో లెవి కాకరకాయలు పైకెత్తాడు. చేదని అందరూ ముఖాలు చిట్లించారు. మొదటి పాట దీనమ్మే పాడింది.