చివరి పేజీ ముందు చదివే అక్క

కూర్మన్నపాలెంలో మేం అద్దెకున్న ఇంటి మేడ మీద ఒక అక్క ఉండేది. ఆమెకు సస్పెన్స్ నవలలంటే ప్రాణం. పుస్తకం చేతికి రాగానే చివరి పేజీ చదివేసి, ఆ తర్వాతే మొదలుపెట్టేది. హంతకుడెవరో మాకూ చెప్పేసేది.

"ముందే తెలిసిపోతే ఇంకేం మజా అక్కా?" అని విసుక్కునేదాన్ని.

"ఓలమ్మీ, ఆడు తలుపెనక నక్కి ఆ పిల్లని బెదిరిత్తంటే, 'నీ పనైపోద్ది లేరా' అని నవ్వుకుంటా సదువుతాను. అదే మజా!"

మా బాబుకు నాలుగో నెల వచ్చినప్పుడు, కాలేజీలో నాతో చదివినవాడొకడు ఫోన్లు మొదలుపెట్టాడు. అప్పట్లో ఇద్దరం కలిసి దిగిన ఫోటోలున్నాయనీ, పిలిచినచోటికి రాకపోతే మా ఆయనకు పంపుతాననీ బెదిరించాడు. ఫోన్ మోగితే చాలు, చంటివాణ్ణి గుండెకు అదుముకునేదాన్ని. ఉండబట్టలేక అక్కతో చెప్పాను.

"ఆఖరికి ఆడు సేసేదేటి?"

"మా ఆయనకు చూపిస్తాడు."

"అయితే ఆ పని నువ్వే సేసేయ్. ఆడికెందుకు ఒదలడం?"

ఆ సాయంత్రం అక్క బాబును ఎత్తుకుని గుమ్మంలో కూర్చుంది. నేను మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన విసురుగా లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను గుమ్మం దగ్గరికి పరుగెత్తాను.

"ఆయన కోపం మీ మొగుడూ పెళ్ళాల యవ్వారం. మద్దిలో ఆడెవుడు?" అంది అక్క.

అంతలో ఫోన్ మోగింది. తీశాను, వాడే.

"మా ఆయనకు నేనే చెప్పేశాను. ఇక ఎవరికి పంపుకుంటావో పంపుకో. నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నాను" అన్నాను. 

ఫోన్ పెట్టేశాను.

అక్క బాబును నా చేతికిచ్చి, చెప్పులేసుకుంది.

"పద, ఆటో నాను మాటాడతాను."