తారాబాయి గడువు

1974 జూలై ఒకటో తేదీన, ఆదోనిలోని ఒక ప్రైవేటు కళాశాలలో భౌతికశాస్త్ర డెమాన్‌స్ట్రేటర్‌గా చేరి నెలైనా కాని తారాబాయి, పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుంటూ విశ్వవిద్యాలయం పంపిన కాగితం మీద సంతకం చేసింది. ఆ కాగితం వెనక పన్నెండు నిబంధనలు అచ్చయి ఉన్నాయి. అభ్యర్థి ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, చేయకపోతే ఏం కోల్పోతుందో ఆ పన్నెండూ చెబుతాయి. గైడు ఎన్నాళ్లలో చదవాలో, పరీక్షకులు ఎన్నాళ్లలో నివేదిక పంపాలో చెప్పే నిబంధన ఒక్కటీ లేదు. ఇరుపక్షాలలో ఒక పక్షాన్ని మాత్రమే కట్టిపడేసే పత్రాన్ని ఒప్పందమని పిలవడానికి న్యాయస్థానం జంకుతుంది. విశ్వవిద్యాలయం జంకలేదు.

గడువు ఆరేళ్లు. బతిమాలితే ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగిస్తారు. 1982 జూన్ 30 సాయంత్రం ఐదు గంటల తర్వాత నమోదు రద్దవుతుంది, అప్పటిదాకా చేసినదంతా చెల్లకుండా పోతుంది. డాక్టరేటు లేనివాళ్లకు లెక్చరర్ పదవి ఇవ్వబోమని కళాశాల యాజమాన్యం రాతపూర్వకంగా చెప్పింది. అంటే ఆ తేదీ దాటితే తారాబాయి తన తర్వాత వచ్చినవాళ్లు పాఠం చెబుతుంటే వాళ్ల కోసం పరికరాలు తుడిచిపెడుతూ రిటైరవ్వాలి. ఆమెకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఎనిమిదేళ్లంటే చాలా కాలమనుకుంది. రెండేళ్ల ఎమ్మెస్సీ, రాష్ట్ర విభజన ఉద్యమంలో కళాశాలలు మూతపడి మూడేళ్లయిన సంగతి అప్పటికింకా పాఠంగా అర్థం కాలేదు.

ఆమె ఎంచుకున్న విషయం ఆదోని గాలిలోనే ఉంది. పత్తి పోగు ఎంత బరువుకు తెగుతుంది, గాలిలో తేమ పెరిగితే ఆ బలం ఎలా మారుతుంది అన్నది ప్రశ్న. ఒక్కొక్క పోగును కాగితపు చట్రానికి అతికించి, కొక్కేనికి తగిలించి, తెగేదాకా బరువు పెంచుతూ పోవాలి. ఒక నమూనాకు మూడు వందల పోగులు. ఒకే పొలంలో, ఒకే రకం విత్తనంతో మూడు పంటల పత్తి కావాలి. హొళగుంద దగ్గర సుంకప్ప అనే రైతు తన చేలో ఆరు చోట్ల గుర్తులు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఇక కాలం ఎలా పోయిందో చూడండి. ఆ అంశాన్ని ఆమోదించడానికి గైడు ప్రొఫెసర్ వెంకటరామయ్యకు రెండేళ్లు పట్టింది. 1976లో మొదటి పంట వచ్చింది. తర్వాతి ఏడు కాయ పగిలే వేళకు వాన కొట్టి పత్తి నల్లబడింది. 1978లో రెండో పంట. 1979లో వాన లేదు, కాయే లేదు. 1981 జనవరిలో మూడో పంట చేతికొచ్చింది. ఆ మరుసటి ఏడు సుంకప్ప ఆ చేలో వేరుశెనగ వేశాడు. కనుక అలాంటి పత్తి ఇక ఎక్కడా లేదు, ఆ ఆరు గుర్తుల దగ్గర కోసి ఆమె ఆరు గాజు సీసాల్లో నింపుకున్నది తప్ప.

మూడో పంట కొలతలు వెంటనే మొదలుపెట్టవచ్చు. కానీ రెండో పంట అధ్యాయం తాను చదివేదాకా ముట్టవద్దని గైడు ఆజ్ఞ. ఆయన చదవలేదు. నెలకోసారి తారాబాయి రైల్లో ఆయన దగ్గరికి వెళ్లేది. వెళ్లినప్పుడల్లా మార్కెట్ యార్డు నుంచి మంచి దూది ఒక సంచెడు తీసుకెళ్లాలని ఆనవాయితీ ఏర్పడింది.

"పోయినసారి దూది నాసిరకంగా ఉందమ్మా, దిండ్లు అప్పుడే గడ్డకట్టాయి," అనేవాడు ఆయన.

"సార్, అధ్యాయం..."

"చూస్తాలేమ్మా."

కళాశాల ప్రయోగశాలలో ఎలుకలు ఎక్కువ. అందుకని ఆ ఆరు సీసాలకూ చీటీలు అంటించి, మూతలు బిగించి, ఎమ్మిగనూరులో తమ ఇంటి అటక మీద పెట్టింది. ఆ ఇంట్లో ఆమెను పెంచిన మేనత్త తులసమ్మ ఉండేది. తారాబాయి వారమంతా ఆదోనిలో గది అద్దెకు తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం బస్సులో ఇల్లు చేరేది.

1981 నవంబరు 7, శనివారం. పది నెలలు గడిచాయి, గైడు చదవలేదు. గడువుకు ఏడు నెలల ఇరవై మూడు రోజులు మిగిలాయి. ఆజ్ఞ మీరి కొలతలు మొదలుపెట్టాలని నిశ్చయించుకుని తారాబాయి నిచ్చెన ఎక్కి మొదటి సీసా దించింది. లోపల దూది లేదు. వందేసి చొప్పున దారంతో కట్టిన సన్నని వత్తుల కట్టలున్నాయి. రెండో సీసాలో అదే. ఆరింటిలోనూ అదే.

"అత్తా, ఈ సీసాలు ఎవురు ముట్టినారు?"

"ఇంగెవురు ముడతారు? నేనే," అంది వంటింట్లోంచి తులసమ్మ. "లక్ష వత్తులు తల్లీ! నిన్నటితో లెక్క సరిపోయింది. బుధవారం పున్నమి గదా, వెలిగిస్తా."

"ఏమిటికి?"

"ఏమిటికని అడుగుతాండావా? నీ సదువు గట్టెక్కల్లని మొక్కుకున్నా. ఏడేండ్లాయె, వానలూ పోతాండాయి, ఎండలూ పోతాండాయి, నీ సదువు మాత్రం యాడిదాడనే ఉంది. ఆ సీసాలు నువ్వు పది నెల్లుగా మూత తీయలేదు. గింజ తీసిన దూది, ఎవురూ ఎంగిలి చేయనిది. దేవునికి ఇంతకన్నా మంచిది యాడ దొరుకుతుంది?"

శ్రావణం నుంచి ప్రతి శనివారం తన కళ్ల ముందే అత్త వత్తులు చుట్టింది. ఆమె చేతిలో వత్తి లేని రోజు చిన్నప్పటి నుంచీ లేదు కనుక తారాబాయి ఆ చేతుల వైపు చూడనే లేదు.

"అది నా మూడో పంట అత్తా. మళ్లీ రాదు."

తులసమ్మ వచ్చి నిలబడింది. "అంటే... నీ సదువును నేనే సంపినానా?"

తారాబాయి ఒక వత్తిని సూదితో విప్పి వెలుతురులో పట్టుకుని చూసింది. పోగులు మెలిపడ్డాయి, తెగలేదు.

"నెయ్యిలో ముంచినావా?"

"లేదు. పున్నమి పొద్దున గదా ముంచేది."

"ఏ సీసాది ఆ సీసాలోనే పెట్టినావా? కలిపినావా?"

తులసమ్మకు రోషం వచ్చింది. "కలిపితే లెక్క తప్పదా? ఒగొగ సీసాది ఒగొగ లెక్క. ఈ ఇంట్లో లెక్క తెలిసినదానివి నువ్వొగదానివే అనుకున్నావా?"

చీటీలు చెదరలేదు. కొలతలకు సీసాకు యాభై వత్తులు చాలు. అన్నీ కలిపి మూడు వందలు.

"లక్షకు మూడు వందలు తక్కువ పెడితే దేవుడు అడగడా?" అంది తులసమ్మ, భయంగా.

"వేరే దూదితో చుట్టి పెట్టు. అడిగితే నా పేరు సెప్పు. మా గైడు కన్నా దేవుడే నయం అత్తా, ఆయన గడువు పెట్టలేదు."

అయితే అసలు ప్రమాదం వేరే ఉంది. వేలికి పాల చుక్క అద్దుకుని నలిపి చుట్టిన పోగు, చెట్టు మీది పోగు ఒకటి కావు. దాని బలంలో పత్తిది ఎంత, అత్త వేళ్లు తీసేసింది ఎంత? ఆ వారమే రైలెక్కి వెళ్లి ప్రొఫెసర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వాడు.

"లోకం నవ్వుతుందమ్మా. మూడో పంట అంకెలు మొదటి రెండింటికీ మధ్యలో వేసుకో. పోగు తెగిందో లేదో వచ్చి చూసేవాడెవడు? ఈ వత్తుల పురాణం థీసిస్‌లో కనిపించిందా, నేను సంతకం పెట్టను."

గైడు సంతకం లేని థీసిస్‌ను విశ్వవిద్యాలయం తీసుకోదు. అది ఏడో నిబంధన. ఇందులోని ప్రతి ఫలితమూ తాను స్వయంగా కొలిచినదేనని అభ్యర్థి ప్రమాణపూర్వకంగా సంతకం చేయాలి. అది ఎనిమిదోది. ఏడును పాటిస్తే ఎనిమిదిని ఉల్లంఘించాలి, ఎనిమిదిని పాటిస్తే ఏడు దగ్గర ఆగిపోవాలి. బోధన పేరిట ఒక మనిషిని ఇలాంటి ఇరుకులోకి నెట్టడం నేరంగా ఏ శిక్షాస్మృతిలోనూ లేదు. ఉండవలసింది.

తారాబాయి ఏదీ తేల్చుకోలేదు. కొలతలు మాత్రం మొదలుపెట్టింది. రెండో పంట దూది కొంత మిగిలి ఉంది. దాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని అత్త చేత అవే వేళ్లతో, అదే పాల చుక్కతో వత్తులు చుట్టించింది. చుట్టిన పోగును, చుట్టని పోగును పక్కపక్కన తెంచి చూస్తే తేడా తెలుస్తుంది. తులసమ్మ గడప దగ్గర నిటారుగా కూర్చుని చుట్టేది.

"కొంచెం గట్టిగా నలిపినానేమో, సూడు."

"నువ్వు దేవునికి చుట్టినట్టే చుట్టు అత్తా. నాకోసరం చుట్టొద్దు."

పని చేసే చేయి వణికితే పోగు బరువుకు తెగదు, ఆ వణుకుకు తెగుతుంది. అలాంటి పోగును లెక్కలోంచి తీసేయాలి. ఆ చలికాలంలో తారాబాయి తీసేసినవి నాలుగు వందల పన్నెండు. ప్రతి ఒక్కటీ నోటు పుస్తకంలో ఉంది, కారణం గడిలో 'చేయి' అని రాసి ఉంది. అంతకు ముందు రెండు పంటలకు కలిపి అలాంటివి పంతొమ్మిది.

ఏప్రిల్ నాటికి ఫలితం తేలింది. చుట్టడం వల్ల పోగు నూటికి ఏడు వంతుల బలం కోల్పోతోంది, ఏ సీసాలోనైనా దాదాపు అంతే. ఆ ఏడూ కలుపుకుంటే మూడో పంట నిజమైన అంకెలు బయటికొచ్చాయి. అవి మొదటి రెండింటి మధ్యలో లేవు, రెండింటికీ పైన ఉన్నాయి. మధ్యలో వేసుకుని ఉంటే అది అబద్ధమయ్యేది.

జరిగినదంతా నాలుగో అధ్యాయంగా రాసింది. టైపు చేసిన యేసేపు ఆదోని బస్టాండు పక్కన కోర్టు కాగితాలు కొట్టే మనిషి. నాలుగో అధ్యాయం దగ్గర ఆగి, "అమ్మా, ఇది సదువుకు సంబంధించిందేనా? కార్తీక పురాణం కాగితాలు ఈట్లో కలిసినాయేమో సూడండి," అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

1982 జూన్ 28, సోమవారం. నాలుగు ప్రతులు, ఒక దూది సంచితో ఆమె ప్రొఫెసర్ గది ముందు నిలబడింది. అప్పటికి రెండు రాత్రులుగా నిద్ర లేదు. నాలుగో అధ్యాయం తీసేసిన ప్రతి ఆమె దగ్గర లేదు. అది తయారుచేసుకుంటే చేయి దానివైపే పోతుందని భయపడి చేయలేదు. వెంకటరామయ్య కట్ట అందుకున్నాడు. పుటలు తిప్పాడు. ఆయన వెతికింది సంతకం పుట. నాలుగు ప్రతుల మీదా నాలుగు సంతకాలు పెట్టి పెన్ను మూసి, "దూది ఈసారైనా పొడుగు పింజదేనా?" అని అడిగాడు.

ఎనిమిదేళ్లు ఆమె భయపడిన పాఠకుడు ఎన్నడూ చదవనేలేదు.

మర్నాడు, గడువుకు ఒక రోజు ముందు, థీసిస్ కార్యాలయంలో దాఖలైంది. ఆ తర్వాత ఎవరికీ తొందర లేదు. ముగ్గురు పరీక్షకుల్లో ఇద్దరి నివేదికలు ఏడాదిన్నరకు వచ్చాయి. మూడోది 1985 ఫిబ్రవరికి వచ్చింది. ఆ రెండేళ్ల ఎనిమిది నెలలూ పోస్ట్‌మ్యాన్ సైకిలు గంట వినబడితే తారాబాయి చేతిలో పరికరం కింద పెట్టేసేది, పగులుతుందని.

మౌఖిక పరీక్ష 1985 ఆగస్టు 9న జరిగింది. బయటి నుంచి వచ్చిన వృద్ధ పరీక్షకుడు, గైడు పక్కనే కూర్చుని, మొదటి ప్రశ్న అడిగాడు.

"నాలుగో అధ్యాయం మూడుసార్లు చదివాను. వత్తి చుట్టిన వేళ్ల ఒత్తిడి ప్రతిసారీ ఒకటేనని మీకెలా తెలుసు?"

"ఏ వత్తులు?" అన్నాడు ప్రొఫెసర్ వెంకటరామయ్య.

గదిలో అందరికీ వినబడింది. పరీక్షకుడు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ప్రొఫెసర్ వైపు చూడలేదు.

తారాబాయి పరీక్షకుడి వైపు తిరిగింది. "అరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న చేయి సార్. వెలిగించేలోపు వంద వత్తుల కట్టలు నలభై తూచినాను. కట్టకూ కట్టకూ తేడా నూటికి మూడు దాటలేదు. తూకాలు చివరి పట్టికలో ఉన్నాయి."

పరీక్షకుడు తల ఊపాడు. ఆమె మాత్రం గైడు ముఖం చూసింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆ ముఖంలో భయం కనిపించింది. అది చూసి ఆమె భయం రెట్టింపైంది. తుది నివేదిక మీద ఆయన సంతకం ఇంకా కావాలి.

ఆయన ఆ సంతకం ఐదు నెలలు పెట్టలేదు. దూది అడగలేదు. అడిగితే బాగుండుననిపించేది ఆమెకు.

డాక్టరేటు ఖరారైనట్టు 1986 జనవరి 17 తేదీతో ఉత్తరం వచ్చింది. నమోదైన నాటి నుంచి పదకొండేళ్ల ఆరు నెలల పదహారు రోజులు. నోటు పుస్తకాల ప్రకారం అందులో ఆమె చేతులు పని చేసింది రెండేళ్ల నాలుగు నెలలు. వానకూ కాపుకూ పోయింది రెండేళ్లు. మిగిలిన ఏడేళ్ల పైచిలుకు ఇతరుల బల్లల మీద గడిచింది. దానికి జవాబుదారీ ఎవరో చెప్పే నిబంధన నేటికీ లేదు.

ఉత్తరం విప్పి చదువుతుంటే తులసమ్మ వంటింటి గడప దాటి రాలేదు. అక్కడి నుంచే అడిగింది.

"ఇంగ ఎవురూ సంతకం పెట్టేది లేదు గదా?"

తారాబాయి కాగితం తిప్పి వెనక వైపు చూసింది. ఖాళీగా ఉంది. ముందు వైపు తిప్పి మొదటి నుంచి మరోసారి చదివింది. ఆ తర్వాతే తల ఊపింది.