చివరి పేజీలు మా మామ దగ్గరే

తెలుగు నవలకూ సెల్‌ఫోనుకూ మధ్య సూర్యాపేట నడిబొడ్డున జరిగిన మహాసంగ్రామాన్ని మీకిప్పుడు కళ్ళకు కట్టినట్టు చెప్పబోతున్నాను. నిజానికి అంత సంగ్రామమేం లేదు. మా చిన్నమామ అద్దె పుస్తకాల దుకాణం మూతపడింది, అంతే. మొన్న మా ఆవిడ ఫోనులో నవల చదువుతుంటే, సరిగ్గా హంతకుడి పేరు వచ్చే చోట కథ ఆగిపోయి, మిగతాది కావాలంటే చందా కట్టమంది. ఆవిడ ఆ కంపెనీని తిట్టిపోసింది గానీ, నాకు మాత్రం మామ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ ఉపాయం అసలు ఆయనది.

రెండువేల ఒకటో సంవత్సరం ప్రాంతంలో, మనమంతా నవలలు కిరాయికి తెచ్చుకుని చదివే రోజుల్లో, బస్టాండు దగ్గరి ఆయన దుకాణానికి చివ్వెంల నుంచి కూడా సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. తీసుకెళ్ళడంలో ఉన్న ఉత్సాహం తిరిగివ్వడంలో ఎవరికీ ఉండేది కాదు గనుక, మామ ప్రతి డిటెక్టివ్ నవలకూ చివరి కాగితాలు కోసి, గుండుసూది గుచ్చి, బల్ల సొరుగులో దాచేవాడు. పుస్తకం వాపసు తెచ్చినవాళ్ళు అక్కడే నిలబడి ఆ కాగితాలు చదువుకుని పోవాలి. "పుస్తకం తేవాలె, కొస సదవాలె" అన్నది ఆయన చట్టం. సాయంత్రం పూట లెక్చరర్లూ, కండక్టర్లూ, కూరగాయల సంచీలతో ఆడవాళ్ళూ ఆ బల్ల ముందు తలలు వంచుకుని నిలబడితే, బయటినుంచి చూసేవాళ్ళకు సంతాపసభలా ఉండేది.

రాను రాను ఫోన్లు పెద్దవయ్యాయి, ఆ వరుస చిన్నదైంది. "దసరా దాకా సూస్త. గిరాకి రాకుంటే మా తమ్ముని సిమెంటు దుకాణంల పోయి కూసో" అని అత్తమ్మ తేల్చేసింది. మామకు సిమెంటు మీద కోపం లేదు, బావమరిది కింద పనిచేయడమే ప్రాణం మీదికొచ్చింది.

నేనప్పటికి మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసులో పనిచేస్తున్నాను. ఒకరోజు పక్క సీటాయన తన సెల్లులో స్కాన్ చేసిన నవల చూపించి, కొస లేదని వాపోయాడు. చూద్దును కదా, పేజీ పేజీకీ మా మామ రబ్బరు ముద్ర, ఫోను నంబరుతో సహా. ఎవరో మహానుభావుడు కిరాయి పుస్తకాల్ని స్కాన్ చేసి లోకం మీదికి వదిలాడు. సొరుగులో ఉన్న చివరి కాగితాలు మాత్రం ఆ మహానుభావుడి చేతికి అందలేదు.

చెప్తే మామ ఏడుస్తాడనుకున్నాను. "నాకెరుకే అల్లుడా, పొద్దటిసంది ఫోన్లే ఫోన్లు" అని మురిసిపోయాడు. ఎక్కడెక్కడివాళ్ళో హంతకుడెవరని అడుగుతున్నారట. చట్టం చట్టమే, ఆయన చెప్పడు. ఆ ఆదివారం నేను దుకాణంలో ఉండగానే కోదాడ నుంచి ఒక టీచరమ్మ ఫోను చేసింది.

"ఎవరు చంపారో చెప్పండి అన్నగారూ, ఇక్కడ పప్పు మాడిపోతోంది!"

"పుస్తకం తీస్కొచ్చియ్యమ్మా, కొస సూపిస్త."

"పుస్తకం ఫోన్లో ఉందండీ."

"అయితే ఫోనే తీస్కరా."

ఆమె నిజంగానే బస్సెక్కి వచ్చింది, బల్ల ముందు నిలబడి చదివింది. మామ అప్పటికప్పుడు అత్తమ్మకు కబురు పంపి, రేపు రాబోయే జనానికి బెంచీలు చేయించాలన్న ఆలోచనలో పడ్డాడు. చదవడం అయ్యాక ఆమె, తనలాగే ఇంకెందరో అల్లాడుతున్నారని, ఆ కాగితాలను ఫొటో తీసి అందరికీ పెడతానంది. ఆ మంచి మనసుకు మామ కరిగిపోయి, సొరుగులో ఉన్నవన్నీ తీసి బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా మూలలు తనే అదిమి పట్టుకున్నాడు. ఆ ఫొటోల్లో ఆయన బొటనవేలు ఇప్పటికీ కనిపిస్తుంది.

వారం తిరిగేసరికి ఫోన్లు ఆగిపోయాయి. దసరా వెళ్ళిన మర్నాడు మామ సిమెంటు దుకాణానికి వెళ్ళాడు.

ఇప్పుడు చదువుకోవడానికి మనకేం కొదవ లేదు, ఒక్కొక్కరి జేబులో ఒక్కో గ్రంథాలయం ఉంది. కానీ హంతకుడెవరో తెలిసిన మరుక్షణం, పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి వైపు తిరిగి "నేనప్పుడే అనుకున్న" అని కోతలు కోసే సుఖం మాత్రం పోయింది. ఆ రోజులు యాదికొస్తాయా అని మొన్న మామకు ఫోను చేసి అడిగాను. ఆయన, వానాకాలంలో సిమెంటు బస్తాలు నేల మీద పెట్టొద్దని, కింద చెక్కలు వేయాలని చెప్పాడు.