కుడిచేతి వాచీ

దయ్యాల కథలు నేను చెప్పేవాణ్ణే గానీ నమ్మేవాణ్ణి కాను. మా గుంటూరు మిర్చి గోడౌన్లో బస్తాలు మోసే దయ్యం ఉందని పుకారు పుట్టించింది నేనే. ఇప్పటికీ అక్కడ వాచ్‌మన్‌లు జంటగా తిరుగుతారు.

నలభై ఎనిమిదో ఏట పురుగుమందుల కొట్టు మా వాడికి అప్పజెప్పి, యూనివర్సిటీలో క్రిమినాలజీ ఎమ్మేలో చేరాను. “మీరు దొంగైనా కావాలి, దొంగల గురించైనా చదవాలి” అంది మా ఆవిడ. క్లాసులో పిల్లలంతా నన్ను బాబాయ్ అనేవారు.

ఒకరోజు మేడం సాక్షుల జ్ఞాపకశక్తి గురించి పాఠం చెబుతూ, పొద్దున దారిలో కనబడిన కొత్త మనిషిని ఒకరిని వర్ణించమన్నారు. నేను బస్సులో గుర్రుపెట్టి నిద్రపోయాను. ఎవర్నీ చూడలేదు. అయినా నోరూరుకోదుగా.

యాభై ఏళ్ల మనిషన్నాను. ఎడమ చెవి తమ్మె తెగిపోయి ఉందన్నాను. కనుబొమల్లో దూది నలుసులు. వాచీ కుడిచేతికి, అదీ డయల్ లోపలికి తిప్పి. పెదకాకాని గుడి వీధి టీకొట్టు బల్ల మీద కూర్చుని, సాసర్లో టీ ఊదుకుంటున్నాడన్నాను. నేను చెబుతుంటే పక్క బెంచీ కుర్రాడు అనిల్ బొమ్మ గీశాడు. మేడం మెచ్చుకుని దాన్ని గోడకి అంటించారు. నాకు లోపల ఒకటే నవ్వు.

ఆ రోజు క్లాసుకి రాని దర్శి అమ్మాయి షమీమ్, మర్నాడు వచ్చి ఆ బొమ్మ ముందు నిలబడిపోయింది.

“బాబాయ్, మా నాన్నని ఎక్కడ చూశారు?”

వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడట. ఫోం పరుపులొచ్చి పని తగ్గిపోయాక, ఇంట్లోవాళ్ల మాట పడలేక నిరుడు వెళ్లిపోయాడట. వెతకడమెలాగో నేర్చుకుందామనే ఆ పిల్ల ఈ చదువులో చేరింది. ఆ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

నేనెవర్నీ చూడలేదని, అదంతా కల్పించి చెప్పానని మొత్తుకున్నాను. ఒక్కరు నమ్మలేదు.

“ఇన్నాళ్లూ అబద్ధాలు బాగానే చెప్పావుగా బాబాయ్. నిజం చెప్పడానికి సిగ్గెందుకు?” అన్నాడు అనిల్.

షమీమ్ బొమ్మని మళ్లీ చూసింది. “వాచీ ఒక్కటే తేడా. మా నాన్న జన్మలో వాచీ కట్టలేదు.”

హమ్మయ్య, అయితే ఆయన కాదులే అన్నాను. ఆమె వినిపించుకోలేదు. అప్పటికప్పుడు మేడం, షమీమ్, నేను ఆటో ఎక్కాం. దారి పొడవునా నాకు ఒకటే ఆలోచన. ఆ పిల్ల ఉసూరుమంటూ వెనక్కి వస్తే ఆ పాపం నాదే.

గుడి వీధిలో టీకొట్టు ఉంది. బల్ల మీద మాకు వీపు పెట్టి ఒకాయన సాసర్లో టీ ఊదుకుంటున్నాడు. చెవి తమ్మె లేదు.

“నాన్నా” అంది షమీమ్, దాదాపు వినబడకుండా.

ఆయన సాసరు మెల్లగా బల్ల మీద పెట్టి, కుడిచేత్తో కూతురి తల నిమిరాడు. మణికట్టుకి వాచీ ఉంది. డయల్ లోపలికి.

ఎన్నాళ్ల నుంచి ఇక్కడున్నారని మేడం అడిగారు.

“రాత్రి బళ్లారిలో బస్సెక్కి, నిద్రలో దిగాల్సిన చోటు దాటిపోయి, పొద్దున్నే ఇక్కడ దిగానండి. ఇంటికి పోవాలనిపించింది.”

నేను వాచీ గురించి అడిగాను.

“ఇందాకే గుడి ముందు కొన్నానండి, దర్శి బస్సు టైము చూసుకోడానికి. ఎడమచేతికి సూది దిగి పుండయింది. అందుకని ఇటు కట్టా.”

బస్సు కిటికీలోంచి నిద్రమత్తులో చూసి ఉంటావని మా వాళ్లంతా ఇప్పటికీ అంటారు. బళ్లారిలో ఉన్న మనిషిని, ఇంకా కొనని వాచీతో, ముందురోజు ఇక్కడెలా చూస్తాను?

నేను చెప్పిన అబద్ధాలన్నిట్లో, అబద్ధమని ఒట్టేసినా ఎవరూ నమ్మనిది ఇదొక్కటే. ఈ మధ్య నేనూ నమ్మలేకపోతున్నాను.