పదకొండో రోజు దాకా

మణుగూరులో మా ఆఫీసు కంప్యూటర్లన్నీ చూసుకునే సార్‌కు ఒక పట్టింపు ఉండేది. ఉద్యోగి ఎవరైనా చనిపోతే, దినాలు అయ్యేదాకా వాళ్ల లాగిన్ తీసేసేవారు కాదు. పదకొండో రోజు పొద్దున తలస్నానం చేసి వచ్చి, ఆ పేరును ఒక్కో అక్షరమే టైపు చేసి తీసేసేవారు.

పై ఆఫీసు వాళ్లు తొందరపెడితే, "ఆయన పేరు మీద ఇంకా ఏమేం నడుస్తున్నయో మనకేం ఎరుక?" అనేవారు. ఆయన కింద పనిచేసే నేను అదంతా చాదస్తమనుకునేదాన్ని.

ఆదివారాలు ఆయన గాలం పట్టుకొని పర్ణశాల వైపు గోదావరి ఒడ్డుకు పోయేవారు. ఒక ఆదివారం అక్కడే గుండెపోటుతో పోయారు. మూడో రోజు పై ఆఫీసు నుంచి ఫోనొస్తే ఆయన లాగిన్ తీసేశాను. అర నిమిషం పని.

మర్నాడు పొద్దున, రోజూ వచ్చే 'బ్యాకప్ అయింది' అన్న మెయిల్ రాలేదు. వెతికితే తెలిసింది, ఆఫీసు ఫైళ్లన్నీ రోజూ కాపీ అయ్యేది ఆయన పేరు మీదేనని. పేరు పోగానే అదీ ఆగిపోయింది.

ఆ పేరే మళ్లీ ఒక్కో అక్షరం టైపు చేసి పెట్టాను. మర్నాడు మెయిల్ వచ్చింది.

తర్వాత ఆ పనిని నా పేరు మీదికి మార్చుకోవచ్చు. మార్చలేదు. ఇప్పటికీ పొద్దున్నే మొదటి మెయిల్ ఆయన పేరుతోనే వస్తుంది. అది చూడందే టీ తాగను.

మొన్న కొత్త మేనేజరు లాగిన్ల జాబితా చూస్తూ ఆ పేరు దగ్గర ఆగాడు. "ఈయన చనిపోయి నాలుగేండ్లయిందట గదా మేడం. ఇంకా గిట్ల ఎందుకుంచిండ్రు?"

"ఆయన దినాలు ఇంకా కాలేదు సార్" అన్నాను.