నవ్వితే తీసే కెమెరా

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. నెల్లూరులో నా పని ఫోటోలు తీయడం. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాను. మనిషి పోయాక ఆఖరి ఫోటో తీయమని పిలిచే ఇళ్ళకు కూడా వెళ్తాను. ఐసు పెట్టె అద్దం మీద వంగి ఎంతమందిని తీశానో లెక్క లేదు. వాళ్ళలో ఒక్కరూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టిందంతా చుట్టూ నిలబడ్డ చుట్టాలే.

కాబట్టి నేను చెప్పేది నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో ఎక్కడో ఒక మామూలు కారణం ఉండే ఉంటుంది. నాకైతే ఇంతవరకూ దొరకలేదు.

మా అక్క సుజాత తోటపల్లి గూడూరు దగ్గర పల్లెలో ఉంటుంది. మా బావ పేరు శ్రీనివాసులు. రొయ్యల గుంటలకు మోటార్లు బిగించడం, పైపులు వేయడం ఆయన పని. సముద్రం నీళ్ళు తోడే పైపు మూతి ఇసుకతో పూడిపోతే మెడలోతు నీళ్ళలోకి దిగి చేత్తో తీసేవాడు.

మా పుట్టింట్లో గానీ, బావ వాళ్ళింట్లో గానీ చర్చికి వెళ్ళేవాళ్ళు లేరు. పెళ్ళయిన కొన్నేళ్ళకు అక్క పక్కింటామెతో ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుందనేది. బావ వద్దనలేదు, తను లోపలికి వెళ్ళనూ లేదు. ప్రతి ఆదివారం బండి మీద తీసుకొచ్చి గేటు దగ్గర దించి, ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాడు. ప్రార్థన అయ్యాక మళ్ళీ ఎక్కించుకుని పోయేవాడు. ఆ టీ కొట్టు వాడి చేత రెండు న్యూస్ పేపర్లు వేయించిన ఘనత మా బావదే.

బాప్తిస్మం తీసుకోవాలని అక్కకు చాలా రోజులుగా ఉండేది. కానీ బావ ఒప్పుకోకుండా తీసుకోనని పట్టుబట్టింది. ఒకసారి అడిగితే ఆలోచించి చెప్తాలే అన్నాడట. ఇంకోసారి అడిగితే మళ్ళీ అదే మాట. కోపంగా ఏం కాదు, అన్నం తింటూ మామూలుగానే అన్నాడట. ఆ చెప్పడం చెప్పకుండానే, ఒక రోజు పైపు దగ్గర ఇసుక తీస్తున్న మనిషిని అల లోపలికి లాగేసింది. మర్నాడు దొరికాడు. ఆ ఆఖరి ఫోటో మాత్రం నేను తీయనన్నాను. ఇంకెవర్నో పిలిచారు.

తర్వాత మూడేళ్ళు అక్క ఆదివారాలు చర్చికి వెళ్తూనే ఉంది గానీ బాప్తిస్మం మాట ఎత్తలేదు. దుఃఖంలో ఉందిలే అని అందరూ వదిలేశారు. నాకొక్కదానికే అసలు సంగతి చెప్పింది.

"ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలీకుండా నేనెట్ట తీసుకొనేదే? ఆయన్ని గేటు బయట్నే ఒదిలేసి నేను లోపలికి పోయినట్టు కాదా?"

చనిపోయిన మనిషి వచ్చి చెప్తాడా అక్కా, నీ మనసుకి నచ్చింది నువ్వు చెయ్యి, అన్నాను. ఎవరైనా అదే అంటారు. అక్క తల ఊపింది గానీ, ఆ మాట ఆమె చెవికి ఎక్కలేదని నాకు తెలుస్తూనే ఉంది.

పోయిన చలికాలంలో ఉన్నట్టుండి ఫోన్ చేసి, అయ్యగారితో మాట్లాడాను, తీసుకుంటున్నాను అంది. వాళ్ళ పాస్టరు గారిని అందరూ అయ్యగారనే అంటారు. చర్చిలోనే తొట్టి ఉంది కదమ్మా అని ఆయన అన్నారట. అక్క వద్దంది. కోడూరు సముద్రంలోనే ఇప్పించండి, ఆయన పోయిన నీళ్ళు అవే, అక్కడ నిలబడితే నాకు ధైర్యమన్నా వస్తుంది, లేదంటే వెనక్కన్నా వచ్చేస్తాను అందట. ఫోటోలకు నన్ను రమ్మంది.

సరిగ్గా అప్పుడే నా పాత కెమెరా మూలన పడింది. కొత్తది కొనాలి. మా ఆయన మిర్రర్‌లెస్ కెమెరా కొనమన్నాడు. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ ఇప్పుడు అన్నం పెడుతున్నది అదే. మనుషుల మొహాలు ఎక్కడున్నా అదే వెతుక్కుని, కంటి మీద చిన్న చతురస్రం గీసి, అక్కడే ఫోకస్ పెడుతుంది. కానీ ఉప్పు గాలి దానికి పడదు. నీళ్ళలో పడిందా, ఇక దాని మీద ఆశ వదులుకోవాలి.

నా మనసేమో నీళ్ళలో తడిసినా ఏమీ కాని చిన్న కెమెరా మీదికి పోయింది. గుప్పెట్లో పడుతుంది. సముద్రంలో ముంచి, ఇంటికొచ్చి కుళాయి కింద కడుక్కోవచ్చు. ఫోటో మాత్రం అంతంత మాత్రమే. ఏడాదికి ఒక్క బాప్తిస్మం కోసం ఆ బొమ్మ కెమెరా కొంటావా అని మా ఆయన ఎద్దేవా చేశాడు. ఒడ్డున నిలబడి తీస్తే అయ్యగారి వీపు తప్ప ఏమీ పడదు, నువ్వు ఎప్పుడన్నా తీసి చూశావా అని నేను ఎగిరాను. మా ఇంట్లో చాలా రోజులు ఇదే రగడ.

చివరికి కెమెరాలు అద్దెకిచ్చే మస్తానన్న తీర్పు చెప్పాడు. రెండూ తీసుకుపోయి ఒక రోజు వాడి చూసుకో, ఏది కొనాలో నీకే తెలుస్తుంది అన్నాడు. చిన్నదాంట్లో ఒక సంగతి కూడా చూపించాడు. అందులో ఒక మోడ్ పెడితే, ఎదుట మనిషి నవ్వగానే బటన్ నొక్కకుండానే ఫోటో తీసుకుంటుంది. చేతులు తడిసి జారుతున్నప్పుడు పనికొస్తుందన్నాడు. అక్కడే పెట్టి చూశాను. మస్తానన్న మూతి బిగిస్తే ఊరుకుంది, పళ్ళు కనబడగానే టిక్కుమంది. ఇంటికొచ్చి మా ఆయన వైపు తిప్పితే దానికి చాలాసేపు పని దొరకలేదు.

బాప్తిస్మం ఇచ్చే ఆదివారం తెల్లవారాక నేనూ మా ఆయనా కోడూరు చేరాం. ఎండ అప్పుడే పడుతోంది. సముద్రం పెద్ద పోటు మీద లేదు. అక్కతో పాటు ఇంకొందరు తీసుకునేవాళ్ళున్నారు, అందరూ తెల్లబట్టలు కట్టుకున్నారు. సంఘం వాళ్ళు ఒడ్డున నిలబడి పాట అందుకున్నారు. అయ్యగారు నడుములోతు నీళ్ళలోకి దిగి ఒక్కొక్కరినే పిలుస్తున్నారు.

నేను మిర్రర్‌లెస్‌తో మొదలుపెట్టాను. చక్కగా పనిచేసింది. అయ్యగారి మొహం మీద ఒక చతురస్రం, ఎదుటి మనిషి మొహం మీద ఇంకొకటి. వాళ్ళు నీళ్ళలో మునిగితే పోయేది, లేస్తే మళ్ళీ వచ్చేది. ఇంతమంచిదాన్ని వద్దన్నానేంటి అని నా మీద నాకే చిరాకేసింది.

అందరి తర్వాత అక్క వంతు వచ్చింది. అక్క కదల్లేదు. అలలు పాదాల దాకా వచ్చి పోతున్నాయి, అక్కడే నిలబడిపోయింది. అయ్యగారు తొందరపెట్టలేదు. పాట పాడేవాళ్ళు మొదటి చరణం మళ్ళీ ఎత్తుకున్నారు.

అప్పుడు నేను కెమెరాలోంచి చూస్తున్నాను. అయ్యగారి మొహం మీద చతురస్రం ఉంది. ఆయన వెనకాల, ఇంకా లోతులో, నీళ్ళ మీద ఇంకో చతురస్రం ఉంది. అక్కడ మనిషి లేడు. పడవ లేదు, కర్ర లేదు, కనీసం కొట్టుకొచ్చిన గుడ్డ ముక్క కూడా లేదు. కెమెరా దించి మామూలు కళ్ళతో చూశాను. ఉత్త నీళ్ళు. మళ్ళీ కంటికి ఆనించాను. చతురస్రం ఉంది.

నీళ్ళ మీద ఎండ తళుక్కుమంటే కెమెరాలు పొరబడతాయి, నాకు తెలుసు. కానీ తళుకుల మీద పడ్డ చతురస్రం నిలవదు, అక్కడా ఇక్కడా ఎగురుతుంది. ఇది ఒకచోటే ఉండి, అల వచ్చినప్పుడు మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. మెడలోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి తల అట్లాగే లేచి దిగుతుంది. లెన్సు తుడిచాను. పక్కకు తిప్పి మళ్ళీ తెచ్చాను. అక్కడే ఉంది. అద్దె కెమెరా బుద్ధి చూపించిందిరా అని మస్తానన్నను మనసులోనే తిట్టుకున్నాను.

అంతలో అక్క నా వైపు తిరిగి, "నువ్వు నాతో రావే," అంది.

ఇక ఏ కెమెరా అని ఆలోచించేది లేకుండా పోయింది. మిర్రర్‌లెస్‌ను మా ఆయన మెడలో వేసి, చిన్నదాని తాడు మణికట్టుకు తగిలించుకుని, ఆ నవ్వు మోడ్ పెట్టాను. ఒక చెయ్యి అక్కకు పట్టుకోవడానికి కావాలి. నీళ్ళలోంచి లేచినవాళ్ళు ముందు ముక్కు తుడుచుకున్నా, తర్వాత నవ్వుతారు. అప్పుడు అదే తీసుకుంటుందిలే అనుకున్నాను.

ఇద్దరం నడిచాం. అక్క నా వేళ్ళను గట్టిగా పట్టుకుంది. అయ్యగారి దగ్గరికి వెళ్ళాక, "రోంతసేపు ఉండండయ్యగారూ," అని లోతువైపు తిరిగి నిలబడింది. ఆయన సరేనమ్మా అని తల వంచుకుని ఆగారు. దేనికోసం ఆగిందో ఆయనకూ తెలుసనుకుంటాను. మూడేళ్ళుగా జవాబు రాని ప్రశ్న అది, ఇప్పుడు మాత్రం ఎవరు చెప్తారు? వెనక్కి తీసుకుపోవడమే మంచిదనుకున్నాను.

అప్పుడే నా చేతిలో కెమెరా టిక్కుమంది.

చూసుకున్నాను. నా చేతివేళ్ళు బటన్ మీద లేవు. కెమెరాను ఛాతీకి ఆనించి పట్టుకున్నాను, లెన్సు లోతువైపు ఉంది. దాని ముందు అక్కా లేదు, అయ్యగారూ లేరు. తెర మీద నీళ్ళు, ఆ నీళ్ళ మీద చిన్న పసుప్పచ్చ చతురస్రం. నేను చూస్తుండగానే మళ్ళీ టిక్కుమంది. ఆగి, ఇంకోసారి.

అక్క తిరిగి చూసింది. "ఎవర్ని తీసినావే?"

"నేను తీయలేదక్కా. అదే తీసుకుంది. ఎవరన్నా నవ్వితే తీస్తుంది."

అనేశాక నాలుక కరుచుకున్నాను. అక్క అయ్యగారి మొహం చూసింది, నా మొహం చూసింది. మేమిద్దరం నవ్వే స్థితిలో లేము. తర్వాత నా కెమెరా ఎటు తిరిగి ఉందో అటు చూసింది. నా చెయ్యి వదిలేసింది.

"ఇంక కానీండయ్యగారూ," అంది.

అయ్యగారు వాక్యం చెప్పి, వెనక్కి వంచి ముంచి లేపారు. అక్క దగ్గింది, మొహం తుడుచుకుంది, తర్వాత ఏడుస్తూనే నవ్వింది. కెమెరా ఆ నవ్వుల్ని కూడా తీసుకుంది. బావ పోయాక అక్క అట్లా నవ్వగా నేను చూడలేదు.

ఇంటికొచ్చి అన్నీ చూశాను. అక్క ఫోటోలు బాగా వచ్చాయి. వాటి ముందు ఉన్నవి ఉత్త నీళ్ళ ఫోటోలు. ఎంత పెద్దది చేసి చూసినా నీళ్ళే. మొహం కాదు గదా, మొహంలాంటి నీడ కూడా లేదు. మిర్రర్‌లెస్‌తో తీసిన వాటిలో కూడా అంతే, అయ్యగారి వెనక ఖాళీ.

కెమెరా తిరిగిచ్చేలోపు దాన్ని నానా రకాలుగా పరీక్షించాను. బకెట్లో నీళ్ళకు చూపించాను, పెన్నా ఒడ్డుకు తీసుకుపోయి ఎండలో నీళ్ళకు చూపించాను, గోడకు, చెట్టుకు, ఆకాశానికి చూపించాను. ఒక్కసారీ నొక్కుకోలేదు. నగల షాపు హోర్డింగులో అమ్మాయి నవ్వుకు మాత్రం వెంటనే టిక్కుమంది. మస్తానన్నకు చెబితే ఆ నీళ్ళ ఫోటోలు చాలాసేపు చూసి, మిషనే కదమ్మా, ఒక్కోసారి పొరపాటు పడుతుంది అన్నాడు. ఒకటి పొరపాటు పడిందంటే ఒప్పుకుంటాను. రెండు కెమెరాలూ ఒకే చోట ఎట్లా పడ్డాయన్నా అంటే చిన్నదాన్ని తీసుకుని పెట్టెలో పెట్టేశాడు.

చివరికి నేను కొన్నది మిర్రర్‌లెస్సే. పెళ్ళిళ్ళు తీస్తేనే ఇల్లు గడుస్తుంది. మా ఆయన గెలిచాడు.

కొన్నాళ్ళకు అక్క ఫోటోలు చూడటానికి నెల్లూరు వచ్చింది. నేను ఆమె నవ్వుతున్నవే ముందు చూపించాను. అన్నీ చూసి, ఆ నీళ్ళవి చూపించమంది. అందులో ఏమీ లేదక్కా, వట్టి నీళ్ళు అన్నాను. అయినా తీయమంది. తీశాను. ఏమీ లేని ఆ నీళ్ళను నా భుజం మీద చెయ్యేసి ఎంతసేపు చూసిందో.

ఆ రోజు ఒక్కసారిగా ఎట్లా ధైర్యమొచ్చింది అక్కా అని అడిగాను.

"మీ బావ సరే అని నోటితో అన్నది నేనెప్పుడూ వినలా," అంది. "వొద్దనుకుంటే వాదించేవాడు, పోట్లాడేవాడు. సరే అనుకుంటే ఒక నవ్వు నవ్వి ఊరుకొనేవాడు. పెళ్ళిచూపుల నాడు పిల్ల నచ్చిందా అని వాళ్ళ నాయన ఎన్నిసార్లు అడిగినా అంతే. నవ్వినాడు. వాళ్ళ నాయనే అర్థం చేసుకొని తాంబూలాలు పుచ్చుకున్నాడు."

నేను దయ్యాలను నమ్మను, ఇప్పటికీ నమ్మను. ఆ కెమెరా ఆ నీళ్ళలో ఏం చూసి నొక్కుకుందో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం మాత్రం అక్క పక్కన కూర్చుని, కారణం వెతక్కుండా చాలాసేపు ఏడ్చాను.